‘యో’ బలహీన పాజిటివ్ అని రిపోర్టు వచ్చింది, నాన్నకు ఎక్కడో క్యాన్సర్ ఉన్నట్టేనా?

శ్రావణమేఘం:
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 61 ఏళ్లు. ఖమ్మం దగ్గర వ్యవసాయం. నడిచేటప్పుడు తూలుతున్నారు, మాట ముద్దగా వస్తోంది. ఎమ్మారై తీయిస్తే చిన్నమెదడు కాస్త కుంచించుకుపోయిందన్నారు. తర్వాత రక్తాన్ని పారానియోప్లాస్టిక్ ప్యానెల్‌కు పంపారు, క్యాన్సర్‌తో ముడిపడే యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే పరీక్షట. రిపోర్టులో పన్నెండు పేర్లున్నాయి. పదకొండింటి ఎదురుగా నెగెటివ్, ‘యో’ అన్నదాని ఎదురుగా ఒక్క ప్లస్ గుర్తు, పక్కన బలహీన పాజిటివ్ అని ఉంది. అడుగున చిన్న అక్షరాల్లో ‘అండాశయ, రొమ్ము క్యాన్సర్లతో సంబంధం’ అని అచ్చేశారు. నాన్నకు అండాశయం ఎక్కడిదని అడిగితే, కౌంటర్‌లోని అబ్బాయి మీ డాక్టరుగారినే అడగమన్నాడు. పెట్ స్కాన్ చేయించాం, ఏమీ కనిపించలేదు. అయినా ఆరు నెలలకోసారి రెండేళ్ల పాటు స్కాన్లు తీయించాలట. క్యాన్సర్ అన్న మాట ఇంట్లో పడ్డప్పటి నుంచి ఎవరికీ అన్నం సహించడం లేదు. తెలిసినవారు చెప్పండి, దయచేసి.

పాత స్టెతస్కోపు:
బాబూ, ఆ కాగితాన్ని కాసేపు పక్కన పెట్టు. ముందు నేను అడిగినవాటికి జవాబు చెప్పు. తూలడం ఎప్పుడు మొదలైంది? బాగా నడిచే మనిషి కొన్ని వారాల్లోనే మంచం పట్టారా, లేక ఏళ్ల తరబడి మెల్లగా ముదిరిందా? మందు అలవాటు ఉందా? మూర్ఛకు ఫెనిటోయిన్ మాత్రలేమైనా వాడారా? బి12, థైరాయిడ్ చూశారా? ఇంటి పెద్దల్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా?

శ్రావణమేఘం:
మూడేళ్ల పైమాటేనండీ. మొదట సైకిలు తొక్కడం మానేశారు. తర్వాత పొలం గట్ల మీద నడవలేనన్నారు. ఇప్పుడు కర్ర ఉంటే ఊళ్లో తిరుగుతారు. మందు ముట్టరు. మూర్ఛ లేదు. బి12, థైరాయిడ్ బాగానే ఉన్నాయి. పెద్దల సంగతి అమ్మను అడిగి చెబుతాను.

రాత్రి డ్యూటీ:
నేను న్యూరాలజీలో శిక్షణలో ఉన్నాను. మీ నాన్నగారిని చూడలేదు కాబట్టి రోగం ఫలానా అని చెప్పను. ఈ పరీక్షను ఎలా చదవాలో మాత్రం చెబుతాను.

క్యాన్సర్ కణితిలో నరాల కణాల్లో ఉండే ప్రొటీన్లు కొన్నిసార్లు తయారవుతాయి. రోగనిరోధక వ్యవస్థ కణితి మీదికి లేచి, అదే ఊపులో మెదడునూ నరాలనూ దెబ్బతీస్తుంది. పారానియోప్లాస్టిక్ జబ్బంటే ఇదే. ఆ దాడికి రక్తంలో మిగిలే ఆనవాళ్లు ఈ యాంటీబాడీలు. చాలామందిలో నరాల లక్షణాలే ముందు వస్తాయి, క్యాన్సర్ ఆ తర్వాత బయటపడుతుంది. అందుకే ఈ పరీక్షకు అంత విలువ.

కానీ దీనికి ఒక నడక ఉంది. యో యాంటీబాడీతో వచ్చే చిన్నమెదడు జబ్బు వారాల్లో ముదురుతుంది. నెలన్నర కిందట వంట చేసుకున్న ఆవిడ ఇప్పుడు చెంచా నోటిదాకా తెచ్చుకోలేదు, అంత వేగం. దాదాపు అందరూ స్త్రీలే, అండాశయంలోనో రొమ్ములోనో కణితి ఉంటుంది. పురుషుల్లో నిజమైన యో కేసులు చాలా అరుదు. మూడేళ్లుగా మెల్లగా ముదిరిన పెద్దాయనలో పరీక్ష పట్టీ మీద బలహీనమైన యో గీతంటే, నేనైతే ముందు ఆ గీతనే అనుమానిస్తాను.

దూరపు కొండ:
అమెరికాలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. ఇక్కడ ఒక్క గీత చూసి తేల్చరు. మేయో క్లినిక్ ల్యాబు లాంటి చోట్ల ముందు ఎలుక మెదడు కణజాలం మీద చూసి, ఏదైనా కనిపిస్తే అప్పుడు రెండో పద్ధతిలో నిర్ధారిస్తారు. మన దగ్గర తేలిగ్గా దొరుకుతుందని నేరుగా పట్టీ పరీక్షకు పోతున్నారు. అయినా ఒక మాట. అనుమానం ఉన్నప్పుడు పెద్ద ప్యానెల్ పంపితే తప్పేముంది? ఏదీ జారిపోదు కదా.

పాత స్టెతస్కోపు:
తప్పుందమ్మా. వల పెద్దదైతే చేపలతో పాటు చెత్తా పడుతుంది. తలనొప్పికీ, తిమ్మిరికీ, మతిమరుపుకీ అన్నింటికీ ఇదే ప్యానెల్ రాసేవాళ్లను చూస్తున్నాను. చివరికి ఆ పిల్లవాడి ఇంట్లోవాళ్లలా అన్నం మానేసేవాళ్లు పెరుగుతారు.

రాత్రి డ్యూటీ:
లెక్క వేసి చూపిస్తాను. ఇవి ఊహకు పెట్టుకున్న అంకెలు మాత్రమే. వెయ్యిమందికి పరీక్ష చేయించాం, వారిలో నిజంగా జబ్బున్నవారు ఐదుగురు అనుకోండి. పరీక్ష ఆ ఐదుగురినీ పట్టేసింది, జబ్బు లేనివారిలో నూటికి ఒక్కరినే పొరపాటున పాజిటివ్ అంది. చాలా మంచి పరీక్షే కదా? అయినా ఆ ఒక్క శాతమే పదిమంది అవుతుంది. పాజిటివ్ వచ్చిన పదిహేనుమందిలో పదిమందికి జబ్బు లేదన్నమాట. పైగా పట్టీ మీద ఉన్నది ఒక గీత కాదు, పన్నెండు. ప్రతి గీతకూ తప్పే అవకాశం విడిగా ఉంటుంది.

గాజుపలక:
నేను ఈ పరీక్షలు చేసే ల్యాబులోనే పనిచేస్తాను, మైక్రోబయాలజీ చదివాను. మా వైపు నుంచి కాస్త వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి.

మీరు చేయించింది లైన్ బ్లాట్. సన్నటి పట్టీ మీద హూ, యో, రీ, మా2, సీవీ2, యాంఫిఫైసిన్, సాక్స్1, గ్యాడ్65 వగైరా ప్రొటీన్లను ఒక్కో గీతగా అద్ది ఉంచుతారు. రోగి సీరంలో ముంచితే, దానికి తగిన యాంటీబాడీ ఉన్న చోట గీతకు రంగు వస్తుంది. రంగు ఎంత ముదురుగా ఉందో స్కానర్ అంకెగా చెబుతుంది. కంపెనీ పెట్టిన హద్దు దాటితే బలహీన పాజిటివ్, ఇంకా పెరిగితే పాజిటివ్, బాగా ముదిరితే బలమైన పాజిటివ్. ఇబ్బందంతా ఆ మొదటి మెట్టు దగ్గరే. ఆ ప్రొటీన్లు ల్యాబులో తయారైనవి, కణంలో ఉండే సహజ రూపంలో ఉండవు. వేరే ఎందుకో పుట్టిన యాంటీబాడీ కూడా వాటికి అంటుకుంటుంది.

యోతో మరో చిక్కు. చాలా పట్టీల మీద ఏళ్లుగా అద్దుతున్నది సీడీఆర్2 అనే ప్రొటీన్. యో యాంటీబాడీ ప్రధానంగా పట్టుకునేది దాన్ని కాదు, దాని దగ్గరి చుట్టం సీడీఆర్2ఎల్‌ను అని నార్వేలోని బెర్గెన్ పరిశోధకులు 2019లో చూపించారు. పట్టీ మీద యో గీత ఇంత తరచుగా ఎందుకు తప్పుతోందో దీన్నిబట్టి కొంత తెలుస్తుంది.

నిర్ధారణకు చేసేది కణజాల పరీక్ష. ఎలుక చిన్నమెదడును పలచగా కోసి, గాజుపలక మీద పరచి, రోగి సీరం పోసి, ఆకుపచ్చగా మెరిసే రంగు కలిపి మైక్రోస్కోపులో చూస్తాం. నిజమైన యో అయితే చిన్నమెదడులోని పుర్కింజే కణాలు వరసగా దీపాలు పెట్టినట్టు మెరుస్తాయి, కణ కేంద్రం మాత్రం చీకటిగా ఉంటుంది. హూ అయితే నరాల కణాలన్నింటి కేంద్రాలూ వెలుగుతాయి. ఎవరు చూసినా గుర్తుపట్టే తేడా అది. పట్టీ మీద యో వచ్చి, పలక మీద పుర్కింజే కణాలు నల్లగానే ఉన్నాయంటే ఆ పట్టీని నమ్మకూడదు.

శ్రావణమేఘం గారూ, అదే సీరం నమూనా ల్యాబులో ఇంకా ఉందేమో అడగండి. ఉంటే దానితోనే కణజాల పరీక్ష చేయమనండి. వారి దగ్గర ఆ సౌకర్యం లేకపోతే బెంగళూరు నిమ్హాన్స్‌లో న్యూరోఇమ్యునాలజీ ల్యాబు ఉంది. మీ డాక్టరుగారి చేత అక్కడికి రాయించుకోవచ్చు.

కృష్ణాతీరం:
మీ మాటలన్నీ చదివాను. ఒక్క మాట కటువుగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. రిపోర్టులను కొట్టిపారేయడం అలవాటు చేసుకుంటే మావారి లాంటివాళ్లు నష్టపోతారు.

మావారికి అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు మొదలయ్యాయి. చూస్తుండగానే చేతులకు పాకాయి. కళ్లు మూసుకుంటే చేయి ఎక్కడుందో తెలిసేది కాదు. చొక్కా గుండీ పెట్టుకోలేక ఏడ్చారు. షుగర్ నరాలన్నారు, నడుము డిస్కన్నారు. చివరికి ఒక డాక్టరుగారు హూ యాంటీబాడీ చూడమన్నారు. బలమైన పాజిటివ్. ఛాతీ సీటీలో ఏమీ లేదు. ఆయన వదలలేదు, పెట్ స్కాన్ తీయించారు. ఊపిరితిత్తుల మధ్య ఒక చిన్న గ్రంథి వెలిగింది. సూది వేసి చూస్తే స్మాల్ సెల్ అనే ఊపిరితిత్తుల క్యాన్సర్. బీడీలు ఎప్పుడో మానేశారు, దగ్గు కూడా లేదు.

క్యాన్సర్ చిన్నగా ఉండగా దొరికింది కాబట్టి కీమో, రేడియేషన్ బాగా పనిచేశాయి. పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. అక్కడితో ఆగింది. ఆ పరీక్ష చేయించకపోతే ఆయన ఈ రోజు ఉండేవారు కాదు.

రాత్రి డ్యూటీ:
అక్కా, మీరు చెప్పింది అక్షరాలా నిజం, ఇక్కడ ఎవరూ దాన్ని కాదనరు. మీవారి విషయంలో మూడూ కలిశాయి. వారాల్లో ముదిరిన, చేతులను కూడా పట్టిన స్పర్శ నరాల జబ్బు. బలమైన హూ. పొగ తాగిన చరిత్ర. హూ ఉన్నవారిలో సుమారు 85 శాతం మందికి క్యాన్సర్ ఉంటుంది, అందులో అధిక భాగం స్మాల్ సెల్. అలాంటప్పుడు స్కాన్ ఒకసారి శుభ్రంగా వచ్చినా వదలకూడదు, మీ డాక్టరుగారు వదలలేదు.

2021లో ఫ్రాన్సెస్క్ గ్రౌస్ తదితరులు పారానియోప్లాస్టిక్ జబ్బుల నిర్ధారణకు కొత్త ప్రమాణాలు ప్రచురించారు. ఇలా అన్నింటినీ కలిపి చూడటమే అవి చేసే పని. లక్షణాలకు 3 మార్కుల దాకా, యాంటీబాడీకి 3 దాకా, క్యాన్సర్ దొరికితే, అదీ ఆ యాంటీబాడీకి తగినదైతే, 4. మొత్తం 8 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే ఖాయం, 6, 7 అయితే బహుశా, 4, 5 అయితే కావచ్చు, 3 లేదా అంతకన్నా తక్కువైతే కాదు. క్యాన్సర్‌తో 70 శాతానికి మించి ముడిపడ్డ హూ, యో, రీ లాంటివి అధిక ప్రమాదం వర్గం. శ్రావణమేఘం గారి నాన్నకు లక్షణాల నడకకు మార్కులు రావు. యాంటీబాడీ నిర్ధారణ కాకపోతే దానికీ సున్నాయే. ఆరు నెలలకోసారి స్కాన్ అన్న సలహా కూడా ఈ ప్రమాణాల నుంచే వచ్చింది. అధిక ప్రమాదం ఉన్నవారికి 4 నుంచి 6 నెలలకోసారి, రెండేళ్ల పాటు వెతకమంటాయి. సలహా సరైనదే, ఈ మనిషికి వర్తిస్తుందా అన్నదే ప్రశ్న.

కృష్ణాతీరం:
అర్థమైంది తమ్ముడూ. ఆ కణజాల పరీక్షేదో చేయించేదాకా స్కాన్లు మానవద్దనే నా మాట.

గాజుపలక:
అందులో మీతో నాకు పేచీ లేదు. ఆ పరీక్షకు నెలలు పట్టవు. అప్పటిదాకా స్కాన్లు మానేయనూ వద్దు, భయపడనూ వద్దు.

మల్లెపందిరి:
ఈ చర్చలోకి రావచ్చో లేదో తెలియదు, మాది వేరే యాంటీబాడీ. మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. ఉన్నట్టుండి నిద్ర మానేసింది, తనలో తాను మాట్లాడుకోవడం, కేకలు, తర్వాత ఫిట్స్. గాలి సోకిందని మంత్రించారు, తాయెత్తు కట్టారు, మానసిక వైద్యశాలకూ తిప్పాం. మూతి అదేపనిగా వంకర్లు తిప్పుతుంటే ఒక డాక్టరమ్మ అనుమానపడి యాంటీబాడీలు చూడమంది. మొదట చేయించిన పారానియోప్లాస్టిక్ ప్యానెల్ మొత్తం నెగెటివ్. రక్తంలో ఎన్‌ఎమ్‌డీఏ అనే యాంటీబాడీ కూడా నెగెటివ్. వెన్నులోంచి నీరు తీసి పంపితే అందులో పాజిటివ్ వచ్చింది. అండాశయంలో చిన్న కణితి ఉందని తీసేశారు. ఇప్పుడు మళ్లీ కాలేజీకి వెళ్తోంది. నాకు ఇప్పటికీ అర్థం కానిది ఒకటే. రక్తంలో లేనిది వెన్నునీటిలో ఎలా ఉంటుంది?

రాత్రి డ్యూటీ:
అమ్మా, మీ అమ్మాయి కోలుకున్నందుకు చాలా సంతోషం. ఈ జబ్బును 2007లో జోసెప్ దల్మావ్ బృందం అండాశయ టెరటోమా ఉన్న యువతుల్లో వివరించింది. ఆ కణితిలో జుట్టు, పన్ను, ఒక్కోసారి మెదడు కణజాలం కూడా ఉంటుంది. శరీరం దాని మీద తిరగబడి మెదడులోని ఎన్‌ఎమ్‌డీఏ గ్రాహకాల మీద పడుతుంది. అందరిలోనూ కణితి ఉండదు. ఉన్నది మీ అమ్మాయి వయసు ఆడపిల్లల్లోనే ఎక్కువ.

ఈ యాంటీబాడీలను తయారుచేసే కణాలు మెదడు చుట్టూ కూడా చేరి అక్కడే పని చేస్తాయి. అందుకే వెన్నునీటిలో స్పష్టంగా దొరికి, రక్తంలో అంతగా దొరక్కపోవచ్చు. నూటికి పదిహేను మంది దాకా రోగుల్లో రక్తం నెగెటివ్, వెన్నునీరు పాజిటివ్. ఎల్‌జీఐ1 అనే మరో యాంటీబాడీకి ఇది తిరగబడుతుంది, దానికి రక్తమే మేలు. కాబట్టి రెండూ పంపడం మంచిది.

గాజుపలక:
మల్లెపందిరి గారు చెప్పినదాంట్లో ఒకటి అందరూ గమనించాలి. పారానియోప్లాస్టిక్ ప్యానెల్ వేరు, ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ ప్యానెల్ వేరు. మొదటిది కణం లోపలి ప్రొటీన్ల కోసం, పట్టీ మీద చేస్తారు. రెండోది కణం పైపొర మీద ఉండే గ్రాహకాల కోసం, అంటే ఎన్‌ఎమ్‌డీఏ, ఎల్‌జీఐ1, క్యాస్పర్2, గాబా-బి లాంటివి. అవి సహజ ఆకారంలో ఉంటేనే యాంటీబాడీ గుర్తుపడుతుంది, అందుకని వాటిని బతికున్న కణాల మీదో, స్థిరపరచిన కణాల మీదో పుట్టించి చూస్తాం. ఒకటి నెగెటివ్ వచ్చిందని రెండోది కూడా అయిపోయిందనుకుని వెళ్లిపోయినవారు చాలామంది.

వైద్యంలోనూ తేడా ఉంది. పైపొర మీద దాడి చేసేవాటిలో యాంటీబాడీయే నేరుగా హాని చేస్తుంది, దాన్ని తగ్గిస్తే చాలామంది కోలుకుంటారు. కణం లోపలి ప్రొటీన్ల విషయంలో అసలు హాని టి-కణాలనే రోగనిరోధక కణాలది, నరాల కణం చచ్చిపోతుంది. కృష్ణాతీరం గారి భర్తకు స్పర్శ తిరిగి రాకపోవడానికి కారణం ఇదే.

పనిలో పనిగా ఇంకో సంగతి. ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించకముందే, ప్లాస్మా మార్చకముందే రక్తం తీయాలి. ఇమ్యునోగ్లోబులిన్ వేలమంది దాతల ప్లాస్మా నుంచి చేస్తారు, వాళ్ల యాంటీబాడీలు రోగి రిపోర్టులో కనిపిస్తాయి. ప్లాస్మా మారిస్తే ఉన్నవి కొట్టుకుపోతాయి. అలా వచ్చిన నమూనాకు ఫలితం ఇచ్చేటప్పుడు నా చేయి వణుకుతుంది. ఫారంలో ‘ముందు ఇచ్చిన చికిత్స’ అన్న గడి నూటికి తొంభై సార్లు ఖాళీగా వస్తుంది.

నిమ్మకాయసోడా:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. అమ్మకు ఊపిరితిత్తుల క్యాన్సర్, పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు రెండు డోసులయ్యాయి. మొన్నటి నుంచి ఎడమ రెప్ప వాలిపోతోంది, మెడ నిలబడటం లేదు, మెట్లెక్కితే ఆయాసం. ఇది కూడా పారానియోప్లాస్టిక్ అంటారా? ఏ ప్యానెల్ చేయించాలి?

పాత స్టెతస్కోపు:
ప్యానెల్ సంగతి తర్వాత, ముందు కారు తియ్యి. ఇప్పుడే, ఈ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్లు. ఆ మందుతో మయస్థీనియా (కండరాలు త్వరగా అలసి బలహీనపడే జబ్బు), కండరాల వాపు, గుండె కండరం వాపు మూడూ ఒకేసారి రావచ్చు. ట్రోపోనిన్, సీపీకే అనే రక్తపరీక్షలు, ఈసీజీ చూడమను, ఊపిరి ఎంత తీసుకోగలుగుతోందో కొలవమను. మందు పేరు, చివరి డోసు తేదీ కాగితం మీద రాసి పట్టుకెళ్లు. వెళ్లాక ఇక్కడ ఒక ముక్క రాయి.

నిమ్మకాయసోడా:
బయల్దేరుతున్నామండీ.

మోడరేటర్:
అత్యవసర ప్రశ్నలకు ఈ వేదిక మీద జవాబు కోసం ఆగకండి, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. ఆసుపత్రుల మీద, డాక్టర్ల మీద ఫిర్యాదులుంటే పేర్లు రాయకండి. రిపోర్టు ఫొటోలు పెట్టేవారు రోగి పేరు, నంబరు చెరిపి పెట్టండి.

శ్రావణమేఘం:
అమ్మను అడిగాను. మా పెదనాన్న కూడా చివరి రోజుల్లో గోడలు పట్టుకుని నడిచేవాడట. తాగుడు వల్ల అనుకున్నారు. తాతయ్య కూడా ‘నడవలేక మంచం మీదే పోయాడు’ అంది. ఇన్నాళ్లూ ఇది ఎవరూ డాక్టరుకు చెప్పలేదు, ఆయనా అడగలేదు.

పాత స్టెతస్కోపు:
చూశావా. దీనికి ఏ పట్టీ అక్కర్లేదు, వీధి అరుగు మీద కూర్చుని అడిగినా తేలే విషయం. మూడు తరాల్లో ఒకటే నడక అంటే జన్యువుల వైపు చూడాలి. చిన్నమెదడును దెబ్బతీసే ఆ వారసత్వపు జబ్బును స్పైనోసెరిబెల్లార్ అటాక్సియా, పొట్టిగా ఎస్‌సీఏ అంటారు, మన దేశంలో రెండో రకం తరచుగా కనిపిస్తుంది. నాన్నను ఒక పక్క నుంచి మరో పక్కకు చటుక్కున చూడమను, కనుగుడ్లు మరీ నెమ్మదిగా కదులుతుంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది.

రాత్రి డ్యూటీ:
ఒక జాగ్రత్త. ఈ జబ్బుల్లో లోపం ఒక జన్యువులో సీఏజీ అనే అక్షరాలు మామూలుకన్నా ఎక్కువసార్లు మళ్లీ మళ్లీ రావడం. ఎక్సోమ్ సీక్వెన్సింగ్ అని ఎక్కువ డబ్బు తీసుకుని చేసే పరీక్షలో సాధారణంగా ఇవి పట్టుబడవు. ఎస్‌సీఏ రిపీట్ పరీక్ష అని విడిగా అడగండి. జబ్బు ఇదేనని నేను అనడం లేదు, వరసలో ముందు చూడాల్సింది ఇదంటున్నాను.

దూరపు కొండ:
ప్యానెల్ పెద్దదైతే మేలని అన్నదాన్ని నేనే. ఇక్కడ కూడా ఇప్పుడు లక్షణాలను బట్టి విడి విడి ప్యానెల్స్ పెడుతున్నారు, మతిమరుపుకు ఒకటి, కదలికల జబ్బులకు ఒకటి. అయినా కుటుంబ చరిత్ర అడగని డాక్టరు ఏ దేశంలోనైనా దొరుకుతాడు.

నిమ్మకాయసోడా:
అమ్మను ఐసీయూలో ఉంచారు. గుండె పరీక్షలో తేడా ఉందట, స్టెరాయిడ్ మొదలుపెట్టారు. ఇప్పటికి ఊపిరి సొంతంగానే తీసుకుంటోంది. పాత స్టెతస్కోపు గారికి దండాలు.

శ్రావణమేఘం:
కొన్ని వారాలుగా ఇటు రాలేదు. కణజాల పరీక్ష నెగెటివ్. పుర్కింజే కణాల మీద ఏ వెలుగూ లేదని రాశారు. న్యూరాలజిస్టు నాన్న కళ్ల కదలిక చూసి, కుటుంబం గురించి చాలాసేపు అడిగి, స్కాన్ల వరస ఆపేయమన్నారు. ఎస్‌సీఏ పరీక్షకు రక్తం ఇచ్చాం, ఫలితం ఇంకా రాలేదు. ఫిజియోథెరపీ మొదలుపెట్టారు. క్యాన్సర్ భయం పోయి వేరే భయం పట్టుకుంది. నేనూ తమ్ముడూ కూడా ఇప్పుడే రక్తం ఇవ్వమంటారా? ఇంకొకటి, ‘యో పాజిటివ్’ అన్న ఆ మొదటి రిపోర్టును ఫైల్‌లోంచి తీసేయమంటారా?

పాత స్టెతస్కోపు:
మీ ఇద్దరూ ఇప్పుడు ఇవ్వకండి. ముందు నాన్నకు ఏమిటో తేలాలి. తేలాక కూడా జన్యు సలహాదారుతో కూర్చుని మాట్లాడాకే నిర్ణయం. ఆ రకం జబ్బయితే సంతానంలో ఒక్కొక్కరికి సగం అవకాశం ఉంటుంది, ముందుగా తెలిసినా ఆపే మందు ప్రస్తుతానికి లేదు. తెలుసుకోకూడదని అనుకోవడం కూడా మీ హక్కే. తమ్ముడి నిర్ణయం తమ్ముడిది, నువ్వు తీసుకోకు.

గాజుపలక:
రిపోర్టు తీసేయకండి. తీసేస్తే రేపు ఎవరో మళ్లీ అదే ప్యానెల్ పంపుతారు, మళ్లీ అదే బలహీన గీత వస్తుంది. దాని వెనకే కణజాల పరీక్ష నెగెటివ్ రిపోర్టు కుట్టండి. ‘లైన్ బ్లాట్‌లో యో బలహీన పాజిటివ్, కణజాల పరీక్షలో నిర్ధారణ కాలేదు, పారానియోప్లాస్టిక్‌గా పరిగణించలేదు’ అని న్యూరాలజిస్టు చేత తేదీ వేసి రాయించుకోండి. ఎస్‌సీఏ ఫలితం వచ్చాక దాన్నీ అదే వరసలో పెట్టండి.